పాటలో నడుమెత్తే చోటు

చదివేవాళ్లు ముందుగా నన్ను మన్నించాలి. నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. మా ఆయన పోయాక బడిలో మధ్యాహ్నం వంట చేస్తూ, గిన్నెలు కడగడం అయ్యాక ఒకటో తరగతి పిల్లల వెనక కూర్చొని నేర్చుకున్నాను. ఒత్తులు తప్పుతాయి, దీర్ఘాలు మరిచిపోతాను. ఒక్క పేజీ రాయాలంటే నాకు పొద్దు గూకుతుంది. తప్పులుంటే మీరే సర్దుకొని చదవండి. ఇది నాగరాణి కథ. కొంత ఆమె చెప్పగా విన్నది, కొంత పొలంలో నిలబడి నేను చూసింది.

నాగరాణి పుట్టింది తిరుమలగిరి దగ్గర ఒక పల్లెలో. తండ్రి లింగయ్యకు గొర్రెల మంద ఉండేది. ఆ మెట్టనేలలో గొర్రెల వెంట తిరిగే పిల్లకు గొంతెత్తి పిలవడం ఎవరూ నేర్పక్కర్లేదు. ఈ గట్టు మీద నుంచి ఆమె పిలిస్తే ఆ గట్టు మీద పొట్టేలు తలెత్తి చూసేదట. బడిలో లెక్కలు చెప్పే దేవసహాయం సారు ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించేవాడు. ఒకరోజు సాయంత్రం సైకిల్ మీద ఇంటికి పోతూ ఆ పిలుపు విని దిగిపోయాడు. "లింగయ్యా, నీ బిడ్డ గొర్లను పిలుస్తుందో దేవుణ్ని పిలుస్తుందో తెలుస్తలేదయ్యా" అన్నాడు. లింగయ్యకు అది మెచ్చుకోలో ఎగతాళో అర్థం కాక, "తప్పయితే చెప్పున్రి సారూ, బంజేపిస్త" అన్నాడు.

బంద్ చేయించలేదు. దేవసహాయం సారే ఒక పాట రాసి, నాగరాణిని సూర్యాపేటలో పాటలు రికార్డు చేసే చోటికి తీసుకెళ్లాడు. అప్పటికి ఆమెకు పదహారేళ్లు. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించిన చిన్న గది, ఊపిరాడని ఉక్క. క్యాసెట్టులో చాలా పాటలు పాడింది కానీ జనం నోట పడింది ఒక్కటే.

*కొంగున గట్టిన పల్లికాయలు కోడలు పిల్లా ఎవ్వరికే*
*కోదాడ బస్సుల కూసున్న కొంటె బావకా ఎవ్వరికే*

పాట చివర "నమ్మము పిల్లా, నవ్వకు పిల్లా, నిజంగ జెప్పే ఎవ్వరికే" అని ఒక ఎత్తు ఉంటుంది. ఆ చివరి మాటను నాగరాణి మెట్టు మీద మెట్టు ఎక్కించుకుంటూ పోయి, ఇక మెట్లు లేని చోట నిలబెట్టేది. ఆ రోజు గదిలో అలా నిలబెట్టి, తన పనికి తనకే నవ్వొచ్చి కిలకిల నవ్వింది. రికార్డు చేసేవాడు దాన్ని తీసేద్దామన్నాడు. "ఉండనీ, పిల్ల నవ్వు పిల్ల నవ్వే" అన్నాడు దేవసహాయం సారు. ఆ నవ్వు క్యాసెట్టులో ఉండిపోయింది.

ఆ ఏడాది పెళ్లిళ్లలో అదే పాట. మిర్యాలగూడ ఆటోల్లో అదే పాట. బతుకమ్మ ఆటలో మైకు పెడితే అదే పాట. క్యాసెట్టు అట్ట మీద రెండు జడలు వేసుకున్న నాగరాణి బొమ్మ చూసి, సూర్యాపేట బస్టాండులో ఆడపిల్లలు ఆమె వెంట పడి నడిచారు. తరువాత కాలం మారింది. క్యాసెట్టు పోయి సీడీ వచ్చింది, సీడీ పోయి ఫోను వచ్చింది. కోదాడలో బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసే రాజ్‌కుమార్‌తో ఆమెకు పెళ్లయింది. ఎవరూ పాడొద్దనలేదు, ఎవరూ పాడమనలేదు. ఇంట్లోనే మిషను పెట్టుకొని జాకెట్లు కుట్టింది, ఇద్దరు పిల్లలను పెంచింది. ఇప్పుడు డీజేల్లో ఆమె పాట వస్తే మొదటి రెండు లైన్లే తిప్పి తిప్పి కొడతారు. కింద ఎగిరే పిల్లలకు ఆ గొంతు ఎవరిదో తెలియదు. పక్క వీధిలో కొలతలు తీసుకునే ఆమెదే అని అసలు తెలియదు.

నాగరాణికి దాని మీద బాధ లేదు. ఒక అలవాటు మాత్రం ఉండేది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మిషను ఆపి, తలుపు దగ్గరికి వేసి, ఆ చివరి "ఎవ్వరికే"ని ఒక్కసారి పైకెక్కించి దించేది. గొంతు అక్కడిదాకా పోయినంత కాలం ఆ రెండు జడల పిల్ల ఎక్కడికీ పోలేదని ఆమె నమ్మకం.

ఆ గొంతు మీదే గడ్డ లేచింది.

మొదట్లో నిమ్మకాయంత ఉందన్నారు. తరువాత మింగుతుంటే అడ్డు తగలడం మొదలైంది. సూర్యాపేటలో డాక్టరమ్మ చూసి, థైరాయిడ్ గడ్డ, కోసి తీయాల్సిందే అని చెప్పింది. "ఆలస్యం చేస్తే ఊపిరి గొట్టాన్ని నొక్కుతుందమ్మా. ఆపరేషన్‌తో మాట పోదు. కానీ పై గొంతు మునుపటిలా లేవకపోవచ్చు. ముందే చెబుతున్నాను" అంది.

నాగరాణి ఇంటికొచ్చి దసరా అయ్యాక అంది. దసరా అయ్యాక పిల్లల పరీక్షలంది. పరీక్షలయ్యాక ఎండలంది. రాత్రి వెల్లకిలా పడుకుంటే ఊపిరి గురగురమంటోంది. రాజ్‌కుమార్ ఓపిక పట్టి పట్టి ఒకరోజు విసిగిపోయాడు.

"గొంతు పోతే ఏమవుద్ది? నువ్వేమన్నా స్టేజీలెక్కి పాడుతున్నావా?"

అతను కాసేపు అన్నం కెలికి, గొంతు తగ్గించాడు. "నాకు నువ్వు కావాలిగానీ నీ పాటెందుకే. మిర్యాలగూడలో ఇంకో డాక్టరున్నాడంట, ఆయనకీ చూపించు. ఆయన కూడా అదే చెబితే ఇక సాకులు చెప్పొద్దు."

శ్రావణంలో మిర్యాలగూడ పోయింది. ఆయనా అదే చెప్పాడు. ఆలస్యమైనకొద్దీ ప్రమాదమని ఇంకో మాట కలిపాడు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చొని నాగరాణి మనసులో తీర్మానం చేసుకుంది. ఆపరేషన్ వద్దు. ఎన్నాళ్లుంటే అన్నాళ్లు. గడ్డతోనే ఉంటాను, గొంతుతోనే పోతాను. ఈ మాట మొగునికి ఎలా చెప్పాలా అన్నదే ఇక మిగిలిన దిగులు.

నేరేడుచర్ల దాటాక బస్సు టైరు పేలింది. డ్రైవరు దిగి చూసి, స్టెప్నీ కూడా గాలి లేకుండా ఉందని తెలుసుకొని, డిపోకు ఫోను చేస్తూ తిట్టుకున్నాడు. జనం దిగి తుమ్మచెట్ల నీడకు పోయారు. రోడ్డుకు రెండు పక్కలా దుక్కి చేసి నీళ్లు పెట్టిన మళ్లు. సాగర్ కాలువ వదిలి పది రోజులు కాలేదు, ఎక్కడ చూసినా నాట్లే. అప్పుడే గాలికి పాట వచ్చింది.

కొంగున గట్టిన పల్లికాయలు.

నాగరాణి ముందు ఫోనులో వస్తోందనుకుంది. కాదు. ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటున్నారు. ఆమె కాళ్లు వాటంతటవే మడి ఒడ్డు మీదికి నడిచాయి.

మడిలో పదిపన్నెండు మంది ఆడవాళ్లు వరసగా వంగి వెనక్కి నడుస్తూ నాటేస్తున్నారు. పాట దరువుకు చేతులు మునుగుతున్నాయి, లేస్తున్నాయి. కోదాడ బస్సు లైను అయింది. అప్పుడు ఒక వింత జరిగింది. పాట తెగినట్టు ఆగిపోయింది. అందరూ ఒక్కసారే నడుమెత్తి నిటారుగా నిలబడ్డారు. బురద చేతులు దూరంగా పట్టుకొని, ఒళ్లు వెనక్కి విరిచి, ఆకాశం వైపు చూస్తూ ఊపిరి పీల్చుకున్నారు. మళ్లీ ఎవరూ చెప్పకుండానే అందరూ ఒకేసారి వంగి, "నమ్మము పిల్లా, నవ్వకు పిల్లా" అని చివరి లైను ఎత్తుకున్నారు. చివర్లో వరసంతా కిలకిల నవ్వింది. వాళ్లు నవ్వొచ్చి నవ్వలేదు. పాటలో ఉంది కాబట్టి నవ్వారు.

నాగరాణి ఉండబట్టలేక ఒడ్డు మీద నుంచే అంది. "అక్కా, మంచిగ పాడుతున్నరు గని, నడుమ ఒక చరణం మర్సిన్రు."

ముఠా పెద్ద దుర్గమ్మ వంగినచోటి నుంచే తల తిప్పి చూసింది. దుర్గమ్మ మాటకు మా దిక్కు అందరూ జంకుతారు.

"ఎవలమ్మా నువ్వు? బస్సు ఖరాబైతే మా పాట ఖరాబు జేయవస్తివి."

"చరణం ఉంటదక్కా గాడ. మీరు ఊకె నిలవడ్డరు."

"ఊకె నిలవడ్డమా?" దుర్గమ్మ పక్కవాళ్లను చూసింది. "ఇంటున్నరానే? నడుము వంచి సూడు చెల్లె, ఊకె నిలవడ్డమో ఏమో తెలుస్తది. నేను కోడలుగ వచ్చిన కాడికెల్లి గిదే పాట, గాన్నే ఆగుడు. పాటలనే ఉన్నది."

ఒడ్డు మీద నారుకట్టలు అందిస్తున్న రాములు ఆ పొలం ఆసామి. తలకు తువ్వాలు చుట్టుకున్న పెద్దమనిషి. ఆయన కూడా వాళ్ల పక్షమే మాట్లాడాడు. "నిజమే అమ్మా. మా నాయన కాలంల నాటేసేటప్పుడు నడుమెత్తితే ఊకునేటోడు కాదు. గీ పాట వచ్చినంక ఏమనలేకపోయిండు. పాటను ఆపుమంటే పని ఆగుతది. పాటల ఆగుడున్నది, ఇగ నువ్వేం జేస్తవ్?"

"పాట ఎవలు పాడిన్రో ఎరుకేనా?" అంది నాగరాణి.

"క్యాసెట్ల పిల్ల," అన్నారు ఇద్దరు ముగ్గురు.

"ఆ పిల్లను నేనే."

మడి మొత్తం నవ్వింది. ఈసారి నిజం నవ్వే.

"అట్ట మీద సూసినం బిడ్డా," అంది దుర్గమ్మ. "రెండు జడలు, గింత మొకం. గా పిల్లకు పదారేండ్లు. నీకు తల నెరుస్తున్నది."

"నీకు నెరువలేదా అక్కా?"

"నాకు నెరుస్తది. నేను మనిషిని. గామె పాట."

వాళ్ల లెక్కలో ఆ పిల్ల ఎన్నడూ పెరగలేదు. నాగరాణి తలుపు దగ్గరికేసి ఒంటరిగా కాపాడుకుంటూ వచ్చిన పిల్లను వీళ్లు బురదలో, ఎండలో, ఇంతమంది మధ్య పదహారేళ్ల దాన్నిగానే ఉంచారు.

"అయితే పాడు, సూద్దాం," అంది దుర్గమ్మ. "జర తొందరగ పాడు, నారు వాడువడుతది."

పాడింది. మొదటి లైనుకే కొందరు చేతులు ఆపారు. రెండో లైనుకు రాములు తువ్వాలు విప్పాడు. వాళ్లు ఆగే చోట నాగరాణి ఆగలేదు. ఆ చరణం దేవసహాయం సారు రాసింది కాదు. రికార్డింగ్ గదిలో, ఉక్కలో, పాటకు ఇంకో చరణం తక్కువైందని ఆయన తల గోక్కుంటుంటే నాగరాణి తానే కట్టిన చరణం. పాటలో ఆమె సొంతమైంది ఆ ముక్కొక్కటే. పైకెక్కేది కాదు, కిందనే, పక్కనున్నవాళ్ల చెవిలో చెప్పినట్టు ఉంటుంది.

*అత్తకు రెండు మామకు రెండు అలిగిన మరిదికి పిడికెడులే*
*అందరికిచ్చి అడుగున మిగిలిన ఆ ఒక్కటి నాకేలే*

తరువాత చివరి లైను. "నిజంగ జెప్పే" దాకా వచ్చింది. "ఎవ్వరికే" ఎత్తుకుంది. మొదటి మెట్టు, రెండో మెట్టు. మూడో మెట్టు మీద గడ్డ అడ్డం పడి గొంతు జీరపోయింది. గాలి తప్ప ఏమీ రాలేదు. మెడ పట్టుకొని ఆగిపోయింది.

ఆమె ఆగిన చోట పాట ఆగలేదు. మడిలో ఎవరో అందుకున్నారు, ఆ వెనకే ఇంకొకరు, ఆ వెనకే అందరూ. ఒకరిది పై గొంతు, ఒకరిది కీచు, ఒకరిది అడ్డదిడ్డం. అయినా ఆ మాటను అందరూ కలిసి చివరి మెట్టు దాకా మోసుకుపోయి అక్కడ నిలబెట్టారు. నాగరాణికి కళ్లలో నీళ్లు తిరిగాయి, వాటి వెనకే నవ్వు తన్నుకొచ్చింది. కిలకిల నవ్వింది.

దుర్గమ్మ చేతిలో నారుకట్ట నీళ్లలో పడింది.

"గదే నవ్వు," అంది మెల్లగా. "ఓసినీ, గదే నవ్వు. నువ్వేనానే పిల్లా."

పాటను ఎవరైనా పాడొచ్చు. ఆ నవ్వు మాత్రం ఇంకొకరికి రాదు. అంతే, అందరూ బురద కాళ్లతో ఒడ్డెక్కేశారు. ఒకామె ఆమె గడ్డం పట్టుకుంది, ఒకామె చేతులు తడిమింది. మూడో ఆమెకు ఆ సంబరంలో కూడా తన పేచీ తనదే. "అయితే పల్లికాయలు బావకు గాదా? నేను ఇన్నేండ్లు బావకే అని వాదిస్తి గదనే."

"నేను దొంగసాటుగ మొగనికనుకున్న," అంది ఇంకొకామె.

"నీ మొగనికి పండ్లేడున్నయే, పల్లికాయలు తిననీకె."

రాములు తల గోక్కున్నాడు. "గా చరణం మాకు లేకపాయె ఎందుకనుకుంటున్నరు? నేరేడుచర్ల బస్టాండు కాడ మా బామ్మర్దికి క్యాసెట్ల షాపుండె. గీ చుట్టుపక్కల ఊర్లన్నిటికి వాడే ఒక్క క్యాసెట్లకెల్లి ఎక్కిచ్చి ఇచ్చిండు. ఓసారి మిషన్ల రీలు నలిగితే బ్లేడుతోని కోసి, నడుమ ఉత్త రీలు అతికిచ్చిన అన్నడు. గది గిదే అయ్యుంటది." అని దుర్గమ్మ వైపు తిరిగాడు. "అంటే ఇన్నేండ్ల సంది మా బామ్మర్ది బ్లేడు దయతోని మీరు నడుములెత్తుతున్రు."

"ఎత్తుతం. బీహార్‌కెల్లి వచ్చిన నాటేసే పిల్లలు గూడ మమ్ముల సూసి ఎత్తుతున్నరు. ఇగ మాతోని కాదు ఆసామీ, ఇప్పుడు పాటంటే గదే."

"మరి చరణం నేర్చుకోరా?" అని అడిగింది నాగరాణి. అడుగుతుంటే ఆమె గొంతులో ఆశ ఉంది. ఆ ముక్క తన సొంతం కదా.

దుర్గమ్మ బురద చేతులు దులుపుకుంది. "మంచిగున్నది చెల్లె. అడుగున మిగిలింది నాకే అన్నది సూడు, గది శానా మంచిగున్నది. గని మేం పాడం."

"ఎందుకక్కా?"

"పాడితే నడుమెప్పుడు ఎత్తాలె?"

నాగరాణి తెల్లబోయి, తరువాత మళ్లీ నవ్వింది. నవ్వుతూనే మెడ మీద చెయ్యి వేసుకోవడం దుర్గమ్మ చూసింది. అదేమిటని అడిగింది. నాగరాణి చెప్పింది. గడ్డ సంగతి, డాక్టర్ల మాట, పై గొంతు పోతుందన్న సంగతి, అందుకే కోయించుకోవద్దని బస్సులో అనుకున్న సంగతి. మొగునికి చెప్పని మాట, పేరు తెలిసి గంట కాని మనుషులకు చెప్పేసింది.

దుర్గమ్మ జాలి పడలేదు. కోప్పడింది. "పై పాట పోతదని పానం తీసుకుంటవా? ఇప్పుడు నీ గొంతు ఆగితే పాట ఆగిందా? సెవులు లేవా నీకు? పై పాట మేం సూసుకుంటం గని, నువ్వు మెడ సూసుకో."

డ్రైవరు హారను కొట్టాడు. టైరు వచ్చింది.

బస్సు కదిలాక కూడా వాళ్లు ఒడ్డు మీదే నిలబడి ఉన్నారు. హుజూర్‌నగర్ దాటక ముందే నాగరాణి రాజ్‌కుమార్‌కు ఫోను చేసింది. "సూర్యాపేట డాక్టరమ్మకు చెప్పు. ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తమని."

రాజ్‌కుమార్ ఆశ్చర్యపోయాడు. "మిర్యాలగూడ డాక్టరు బాగా చెప్పాడా?"

"డాక్టరు గాదు. ఒక ఆమె తిట్టింది."

ఆపరేషన్ అయింది. గడ్డలో అప్పుడే చెడు మొదలైందని, ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే చెయ్యి దాటేదని డాక్టరమ్మ తరువాత చెప్పింది. కబురు తెలిసి దవాఖానకు దుర్గమ్మ వచ్చింది, వెంట మరో ఇద్దరు. నాట్ల మధ్యలో పని మానుకొని వచ్చారు. దుర్గమ్మ కొంగుముడి విప్పి ఉడకబెట్టిన పల్లికాయలు మంచం మీద పోసింది. అక్కడున్న నర్సుకు రెండు, రాజ్‌కుమార్‌కు రెండు, పక్క మంచం ముసలామెకు పిడికెడు పంచి, చివరికి మిగిలిన ఒక్క కాయను వొలిచి నాగరాణి అరచేతిలో పెట్టింది. మెత్తనివి తప్ప తినకూడదని నర్సు అడ్డం చెప్పింది. "తినకున్న మానె, చేతిల ఉండనీ," అంది దుర్గమ్మ.

డాక్టరమ్మ అన్నట్టే జరిగింది. మాట కొంచెం బొంగురుపోయింది. పైమెట్లు పోయాయి. నాగరాణి కొన్నాళ్లు తలుపు దగ్గరికేసి ప్రయత్నించింది, రాలేదు. తరువాత ప్రయత్నించడం మానేసింది, తలుపు దగ్గరికేయడం కూడా మానేసింది.

చలికాలంలో యాసంగి నాట్లకు దుర్గమ్మ కబురు పెట్టింది. రాజ్‌కుమారే బండి మీద తీసుకొచ్చి రాములు పొలం దగ్గర దింపాడు. ముఠా వంగి ఉంది, పాట నడుస్తోంది. కోదాడ బస్సు లైను అయింది. అందరూ నడుమెత్తారు. చేతులు దూరంగా పట్టుకొని, ఒళ్లు విరిచి, ఈసారి ఆకాశం వైపు చూడకుండా ఒడ్డు వైపు చూశారు.

ఒడ్డు మీద నుంచి నాగరాణి ఆ బొంగురు గొంతుతోనే, కిందనే, చెవిలో చెప్పినట్టు పాడింది. అత్తకు రెండు, మామకు రెండు. తొందర పడలేదు. ఒక్కో మాటను సాగదీసి, వాళ్ల నడుములకు కావలసినంత ఊపిరి అందేదాకా పాడింది. అడుగున మిగిలిన ఆ ఒక్కటి నాకేలే.

అప్పుడు ముఠా వంగి చివరి లైను ఎత్తుకుంది. పై పాట వాళ్లే చూసుకున్నారు. నవ్వు మాత్రం ఎవరూ నవ్వలేదు, ఆమె కోసం వదిలేశారు. ఒడ్డు మీద నుంచి నాగరాణి నవ్వింది. ఆ నవ్వు మాత్రం ఏ కత్తీ తాకనట్టు క్యాసెట్టులో ఉన్నట్టే ఉంది.

ఆ వరసలో ఎన్నో ఏళ్లు వంగినదాన్ని నేను. పదహారేళ్ల పిల్ల ఒక గదిలో కూర్చొని పాడిన పాటకు నా నడుము ఎంత రుణపడిందో చెప్పాలనే, చేతకాకపోయినా ఇదంతా రాశాను.

బొల్లెపల్లి లచ్చమ్మ
వయసు అరవై మూడు
ఇప్పుడు ఉంటున్నది మిర్యాలగూడలో, చిన్నకూతురి దగ్గర